చైనాది కాని జుట్టు

బేరమాడకుండా అడిగినంతా ఇచ్చేసే మనిషిని మా ఇంట్లో ఎవరూ నమ్మరు. అలాంటివాడు దొంగైనా అయివుండాలి, కొత్త పెళ్లికొడుకైనా అయివుండాలి అనేవాడు మా నాన్న. ఖరగ్‌పూర్ ఖరిదా బజార్లో గాజులు, కుంకుమ, రిబ్బన్లు, పక్కపిన్నులు, సవరాలు అమ్మే కొట్టు మాది. బేరం మాకు వ్యాపారం కాదు, పలకరింపు. నన్ను చూసుకోడానికి వచ్చిన పెళ్లివారు పట్టుకొచ్చిన బత్తాయిలు ఎంతకి కొన్నారో అడిగి, మోసపోయారని వాళ్ల మొహమ్మీదే చెప్పినదాన్ని నేను. ఆ సంబంధమే కుదిరింది. బత్తాయిల్లో మోసపోయినవాడు పెళ్లిలో మోసపోవడం వింతేమీ కాదని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

పెళ్లయి రైల్వే ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్లో కాపురం పెట్టినా నా కాళ్లు కొట్టు వైపే లాగేవి. మా ఆయన వర్క్‌షాపుకి సైకిలెక్కగానే నేనూ తలుపుకి తాళం బిగించి ఖరిదాకి నడిచిపోయేదాన్ని. అక్కడ గల్లాపెట్టె దగ్గర నేను, వెనకగదిలో మా మేనత్త.

అత్త మా నాన్నకి చెల్లెలు. పెళ్లయిన కొత్తలోనే ఆవిడ భర్త వ్యాపారమని బర్మాకి, రంగం వెళ్లాడు. ఆ తర్వాత యుద్ధం వచ్చింది, బర్మానుంచి జనం నడిచి వచ్చారు, ఓడల్లో వచ్చారు, ఆయన మాత్రం రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. అందుకని అత్త నుదుట కుంకుమ అలాగే ఉండిపోయింది. ఆ కుంకుమని చూసి చాటుగా నవ్వేవాళ్లు ఉండేవారు, అక్కడ ఇంకో సంసారం పెట్టేశాడని చెప్పేవాళ్లూ ఉండేవారు. అత్త ఎవరికీ జవాబు చెప్పేది కాదు. "అన్న ఇంట్లో తింటన్నాను గాని అన్న సొమ్ము తినడంలేదు" అనేది, అంతే.

ఆవిడ సొమ్ము జుట్టు. మా ఆడవాళ్లు తల దువ్వుకున్నప్పుడు రాలిన జుట్టుని పారెయ్యరు. వేలికి చుట్టి, ఉండచేసి, కిటికీ పైచెక్క సందులో దోపి ఉంచుతారు. అత్త సంచి పట్టుకుని సెటిల్‌మెంట్ సందుల్లో తిరిగి ఆ ఉండలు తీసుకుని, బదులుగా రిబ్బను ముక్కో, పిన్నుల అట్టో, కుంకుమ పొట్లమో ఇచ్చేది. ఆ చిక్కునంతా కుంకుడుకాయ పులుసులో ఉతికి, మేకులు దిగ్గొట్టిన చెక్కమీద దువ్వి, పొడుగు పొడుగువి జతచేసి సవరాలు కట్టేది. పెళ్లికూతురికి పూలజడ వెయ్యాలంటే కూడా అత్తే వెళ్లాలి. భర్త ఉన్నాడో లేడో తెలియని మనిషిని పెళ్లింట్లోకి పిలుస్తున్నారంటే, ఆ చేతిమీద జనానికి ఉన్న నమ్మకం అలాంటిది. ఆ నమ్మకం పోతే ఆవిడకి మిగిలేది వెనకగదీ, వదిన వడ్డించే అన్నమూ.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. జుట్టు ఉండ అత్త చేతిలో పెట్టేముందు ప్రతి ఆడమనిషీ దాన్ని ముడేసి, మూడుసార్లు తుపుక్కుమని ఉమ్మేది. ఇది అత్తని అవమానించడం కాదు. చిల్లంగి భయం, చేతబడి భయం. శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి వచ్చిన మా వాళ్లు రైలెక్కినప్పుడు చెంబూ తప్పాలాతోపాటు చిల్లంగిని కూడా మూటగట్టుకు తెచ్చుకున్నారు. జుట్టు దొరికితే చాలు, మనిషిని మంచానికి అంటించెయ్యొచ్చట. ఉమ్మితే ఆ జుట్టు పనికిరాకుండా పోతుందట. అత్తకి కూడా ఆ నమ్మకం ఉంది. ఎవరైనా ఉమ్మడం మర్చిపోతే ఆవిడే గుర్తుచేసేది. "ఉమ్ము తల్లీ, బాగా ఉమ్ము. ఉతుక్కునేది నానే కదా."

కలకత్తానుంచి ఒకతను మా కొట్టుకి వచ్చింది బియ్యం కరువై, రేషన్ కొట్లో అమెరికా గోధుమలు తెచ్చుకుంటున్న రోజుల్లో. తెల్లటి ధోవతి, చేతిలో గొడుగు, చంకలో తోలుసంచి. గుమ్మంలో వేలాడుతున్న సవరాన్ని వేళ్లమధ్య నలిపి చూశాడు.

"దీదీ, సవరాలు వద్దు. ఇలా కట్టకముందు ఉండే జుట్టు కావాలి. ఎంత ఉంటే అంత."

నేను నోటికొచ్చిన ధర చెప్పాను. మొదటి ధర అంటే తెలుసు కదా. అవతలివాడు గుండె పట్టుకోవాలి, మనం మంచినీళ్లిచ్చి తగ్గించాలి. అతను గుండె పట్టుకోలేదు. "ఠీక్ హై" అన్నాడు.

నాకు ఇంకెంత చెప్పవలసిందో అని ఒక బాధ, ఇతనేం దొంగో అని ఒక భయం. లోపల్నుంచి అత్త అడిగింది. "ఎక్కడికి పోతాది దాదా, ఇదంతా?"

"అమెరికాకి, దీదీ."

"ఏల? అక్కడ ఆడోళ్లకి జుట్టు లేదేటి?"

"ఉంది. దానిమీద ఇంకో జుట్టు పెట్టుకుంటారు. టోపీలాగ. ఇప్పుడు అక్కడ అదే ఫేషను."

"ఉన్న జుట్టుమీద టోపీ జుట్టా!" అత్త నవ్వింది. "మరి సవరమే కట్టి పంపుతాను, జడేసుకోమను."

ఆ సాయంత్రం మా ఆయనకి చెబితే రొట్టె నములుతూ ఆలోచించాడు. "వాళ్ల గోధుమలు మనకి, మన చిక్కుజుట్టు వాళ్లకి. ఎవరు మోసపోనట్టు?"

"రొట్టె తింటున్నది మీరు. మీరే చెప్పాలి."

"అయితే మోసపోనిది వాళ్లే."

రెండోసారి వచ్చినప్పుడు దాదా జుట్టుతోపాటు ఇంకోటి అడిగాడు. ఈ జుట్టు ఏయే ఇళ్లలో ఏరారో ఆ ఆడవాళ్ల పేర్లు, భర్తల పేర్లు, పక్కన వేలిముద్రలు.

"ఎందుకు?"

"ఇది చైనా జుట్టు కాదని రుజువు కావాలి, దీదీ."

నేను అత్తని చూశాను. అత్త నన్ను చూసింది. అతను ఓపిగ్గా చెప్పాడు. అమెరికా సర్కారుకీ చైనా సర్కారుకీ పడదు. చైనా సరుకు తమ రేవులో దిగకూడదని అమెరికావాళ్లు చట్టం పెట్టుకున్నారు. చైనా జుట్టు హాంకాంగ్ చేరి, అక్కడ దేశం మార్చుకుని మళ్లీ ఓడెక్కుతోందని వాళ్ల అనుమానం. అందుకని ఆసియాలో ఏ మూలనుంచి నల్లజుట్టు వెళ్లినా అది ఏ దేశపు తలమీద మొలిచిందో చూపించాలి. ఎంతమంది పేర్లుంటే ఎగుమతి చేసేవాళ్లకి అంత ధైర్యం.

"మేం చైనావాళ్లలా కనిపిస్తున్నామా?" అన్నాను.

"మీరు కాదు దీదీ. జుట్టుకి మొహం ఉండదు కదా."

ఆ మాటతో నా అనుమానం రెట్టింపయింది. చిక్కుజుట్టుకి అడిగినంతా ఇచ్చిన మనిషి ఇప్పుడు పేర్లు అడుగుతున్నాడు. అంటే అసలు అతను కొంటున్నది జుట్టు కాదేమో, పేర్లేమో. మా సంచీడు జుట్టుకింద ఎక్కడిదో బండెడు జుట్టు దాచి, అంతా ఖరగ్‌పూర్ ఆడవాళ్లదేనని రేవు దాటిస్తాడేమో. ఇదే మాట మా ఆయనతో అన్నాను.

"జుట్టుక్కూడా పార్టీ అంటగట్టేసినారా!" అన్నాడు. "ఈ ముక్క మా షాపులో చెప్పకు. తల నెరిసినవాళ్లందరినీ కాంగ్రెస్ అంటారు, నల్లజుట్టువాళ్లని చైనా పార్టీ అని పోలీసులు పట్టుకుపోతారు."

"నవ్వులాటకి కాదు. నేనేం చెయ్యను?"

"నీకు తెలీని బేరం ఉంటే అది నాకు మాత్రం తెలుస్తుందేటి?"

అనుమానం అనుమానమే, ధర ధరే. పేర్లు సంపాదించుకొస్తానని బయల్దేరాను. తెలివైనదాన్ననుకునేవాళ్లు చేసే పనులే నేనూ చేస్తాను. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లంతా బిందెలు వరసపెట్టుకుని ఉన్న పొద్దు చూసుకుని వెళ్లి, గోధుమపిండి కల్తీనుంచి మొదలుపెట్టి, మెల్లగా అమెరికా మీదికి, అక్కణ్ణించి వేలిముద్రల మీదికి తెచ్చాను.

కుళాయి నీళ్లు పారుతున్నాయి కాని కింద బిందె ఎవరూ పెట్టలేదు.

మా వీధి చివరి క్వార్టర్లో ఒక ముసలమ్మ ఉండేది. ఆవిడ భర్త బాయిలర్ షాపులో పనిచేసి రిటైరయ్యాడు, ఇప్పుడు కొడుకు చేస్తున్నాడు. కుళాయి దగ్గర తీర్పులన్నీ ఆవిడవే. ఆవిడ నడుంమీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"ఏటమ్మా, మళ్లీ సెప్పు. జుట్టూ ఇవ్వాల, ఆ జుట్టు ఎవుల్దో పేరూ సెప్పాల. అంతేనా?"

"అంతే పిన్నీ. దేశం చట్టం."

"ఏ దేశం?"

"అమెరికా."

"మా ఊళ్లో కూడా ఒక ముసిలోడు ఉండీవోడు. ఆడూ అదే అడిగీవోడు, జుట్టూ, పేరూ. ఆడు మాత్రం చట్టమని సెప్పలేదు పాపం."

ఆడవాళ్లు నవ్వలేదు. అప్పటికి నాకు వెలిగింది. చిల్లంగికి ఒట్టి జుట్టు చాలదు. ఆ జుట్టు ఎవరిదో పేరు పెట్టి పిలవాలి. పేరూ జుట్టూ ఒకడి చేతిలో పడితే ఇంక ఎంత ఉమ్మినా లాభం లేదు. ఎక్కడో సముద్రం అవతల టేబిలు ముందు కూర్చున్న దొరకీ, మా వీధి ముసలమ్మకీ వచ్చిన అనుమానం ఒకటే, ఇది ఎవరి తలది అని. ఆ దొరకి జవాబు కావాలి. ఈవిడకి ఆ జవాబు బయటికి పొక్కకూడదు. మధ్యలో బుర్ర ఉన్నదాన్ననుకుంటున్న నేను.

ఒకావిడ మెల్లగా అంది. "భర్త పేరు సెప్పమంటే సిగ్గు, నా పేరు సెప్పమంటే బయ్యం. పోనీ పక్కింటోళ్ల పేరు సెప్పీమంటావేటి?"

"నా పేరు నువ్వు సెప్పు సూద్దాం!" అని పక్కింటావిడ బిందె ఎత్తింది.

అది అక్కడితో ఆగలేదు. ముసలమ్మ కోడలికి అంతకుముందే టైఫాయిడ్ వచ్చి తగ్గింది. తగ్గాక అందరికీ రాలినట్టే జుట్టు గుప్పెళ్లు గుప్పెళ్లు రాలింది. ఆ జుట్టూ అత్త సంచిలోకే వెళ్లింది. ఇప్పుడు ముసలమ్మ లెక్క తిరగేసింది. జ్వరం వచ్చి జుట్టు పోలేదు, జుట్టు పోయింది కాబట్టే జ్వరం వచ్చింది. రంగం వెళ్లిన మొగుడు రాలేదంటే ఆ ఇంట్లో మొదటినుంచీ ఏదో ఉందన్నమాట.

అత్త ఆ వారం సంచితో వెళ్లి ఉత్త సంచితో వచ్చింది. తలుపులు వేసి ఉన్నాయంది. ఆ పైవారం కూడా అంతే. ట్రాఫిక్ అనే పేటలో ఒక పెళ్లికి జడ వెయ్యడానికి ముందే తాంబూలం ఇచ్చినవాళ్లు, పిల్ల చిన్నజడే వేసుకుంటానంటోందని కబురంపారు. అత్త ఆ రోజు మేకుల చెక్క ముందు చాలాసేపు కూర్చుంది. దువ్వడానికి జుట్టు లేదు.

"నన్ను పిలవకపోతే పోనీ" అంది. "నాను ఎదురొస్తే కొంగు తలమీదకి లాక్కుంటన్నారే. తల దాసుకుంటన్నారు."

నాకు అప్పుడు భయం వేసింది. బేరంలో నష్టం వస్తే మళ్లీ రాబట్టుకోవచ్చు. ఆవిడ ఇన్నేళ్లు నుదుటి కుంకుమతో, చేతిపనితో నిలబెట్టుకున్నది పోతే ఎవరితో బేరమాడి తెస్తాం?

దాదా మళ్లీ వచ్చాడు. పేర్లు లేవని చెప్పాను. అతను సంచి సర్దుకోబోయాడు. మొట్టమొదటిసారి అతను వెనక్కి తగ్గడం చూశాను. అడుగు వెనక్కి వేసేవాడితో బేరం ఆడొచ్చు. నాకు ప్రాణం లేచివచ్చింది.

"అందరి పేర్లూ దేనికి దాదా? నాలుగిళ్లవి తీసుకో."

"చాలవు దీదీ."

"ఏరేది ఒక్కరే కదా. ఉతికేదీ, దువ్వేదీ ఒక్కరే. ఏరినవాళ్ల పేరు రాసుకో. ఊరి పేరు రాసుకో. సంతలో వంకాయలు కొంటే అమ్మినవాణ్ణి అడుగుతాం గాని, ఏ మొక్క కాసిందని అడుగుతామా?"

"వాళ్లు మొక్కనే అడుగుతున్నారు" అన్నాడు దిగులుగా. అయినా ఆలోచించాడు. టీ తెప్పించాను. అతను టీ తాగి, గొడుగు అటూ ఇటూ మార్చుకుని, చివరికి అన్నాడు. "సరే. ఒక్క పేరు. కాని ఆవిడే నా ఎదుట చెప్పి వేలిముద్ర వెయ్యాలి. ఆవిడ జుట్టు కూడా అందులో ఉండాలి."

వీధినంతటినీ ఒక్క పేరుకి దించాను. నా జన్మలో అంత మంచి బేరం చెయ్యలేదని గర్వపడుతుంటే, ఆ ఒక్క పేరు ఎవరిదో అప్పుడు తట్టింది. నా పేరు చెబుదామనుకున్నాను. నోరు విప్పేలోపే అత్త గదిలోంచి బయటికొచ్చింది.

"ఇక్కడ కాదు" అంది. "కుళాయి దగ్గర సెప్తాను. రమ్మను."

ఖరిదానుంచి ఓల్డ్ సెటిల్‌మెంట్ దాకా ఆవిడ ముందు, గొడుగుతో దాదా వెనక, ఆ వెనక నేను. బిందెల దగ్గర అందరూ ఉన్నారు. ముసలమ్మ కూడా ఉంది. అత్త కుళాయి గట్టుమీద కూర్చుని ముడి విప్పుకుంది. సగం నెరిసిన జుట్టు, అయినా ఒత్తు. దువ్వెనతో మెడవెనకనుంచి దువ్వి, పళ్లలో చిక్కుకున్నది తీసి వేలికి చుట్టింది. ముడి వెయ్యలేదు. ఉమ్మలేదు.

"ఉమ్ము, అత్తా" అన్నాను.

"ఊరుకో" అంది. ఆ ఉండ దాదా సంచిలో వేసి, తన పేరు చెప్పింది. ఇంట్లో నాన్న ఆవిణ్ణి చెల్లీ అనేవాడు, మేం అత్తా అనేవాళ్లం, బయటివాళ్లకి సవరాల అమ్మ. ఆ పేరు పైకి వినడం నాకు అదే మొదలు. మంచి పేరు. ఎవరూ వాడక కొత్తగా ఉంది.

"భర్త పేరు?" అన్నాడు దాదా.

"రంగం ఎల్లినాడని రాసుకో" అంది అత్త.

అతను ఏం రాసుకున్నాడో నాకు తెలియదు. అత్త బొటనవేలు సిరాలో ముంచి నొక్కింది. ధైర్యం ఉన్నవాళ్ల వేలు కాదు అది, భయపడుతూనే నొక్కిన వేలు.

"సిల్లంగి పెట్టీవోళ్లుంటే ముందు నాకే పెట్టనీండి" అంది ముసలమ్మని చూసి. "నాను మంచం పడితే మీ మాట నిజం. లేకపోతే తలుపులు తీయండి." ముసలమ్మ బిందె నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టలేదు.

అంతకుముందే దువ్వి ఉంచిన జుట్టంతా దాదాకి ఇచ్చేశాం. మర్నాడు అతన్ని వెంబడించి స్టేషన్లో పార్సిల్ ఆఫీసు దాకా వెళ్లాను. అక్కడ మా సంచి ఒక గోనెబస్తాల గుట్ట పక్కన పిల్లిపిల్లలా కూర్చుని ఉంది. ఆ బస్తాలు అతనివో, ఇంకొకరివో, వాటిలో జుట్టుందో, జనపనారుందో తెలియదు. ఒకదాన్ని వేలితో పొడిచి చూశాను. మెత్తగా ఉంది. "ఏయ్ దీదీ!" అని కూలీ కేకేస్తే వచ్చేశాను.

ఆ తర్వాత దాదా మళ్లీ రాలేదు. పట్టుబడ్డాడో, ఇంకా అగ్గువకి ఇచ్చే ఊరు దొరికిందో, ఆ దేశంలో ఫేషనే మారిపోయిందో. అతను మొదటిసారి వచ్చేనాటికే డాలరు ముందు రూపాయి విలువ తగ్గించేశారని మా ఆయన తర్వాతెప్పుడో పాత పేపరు తిరగేస్తూ చెప్పాడు. అంటే అమెరికావాడికి మన సరుకు కూర్చున్నచోటే చవకయిపోయింది. నేను గొంతు చించుకుని చెప్పిన ధర వాళ్లకి మంచినీళ్ల ధర. అతను బేరమాడకపోవడానికి కారణం అదన్నమాట. బేరం జరగలేదని నేననుకున్నాను. జరిగింది. నన్ను పిలవకుండా, ఢిల్లీలోనో ఇంకా అవతలో, ముందే జరిగిపోయింది.

అత్తకి జ్వరం రాలేదు. జలుబు చేసింది, కాని దాన్ని వీధి లెక్కలోకి తీసుకోలేదు. ఆ రోజులన్నీ వీధి మొత్తం ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉంది. కొట్లో రిబ్బను కొనే వంకతో వచ్చి వెనకగదిలోకి తొంగిచూసి పోయేవారు. అత్త వాళ్లకి వినబడేలా గట్టిగా గిన్నెలు తోమేది. మెల్లగా ఒక తలుపు తీశారు. తర్వాత ఇంకోటి. ఉండలు మళ్లీ వచ్చాయి, మునుపటికంటే గట్టి ముళ్లతో, మునుపటికంటే ఎక్కువ ఉమ్మితో.

ఆ యేడాది మాఘంలో ముసలమ్మే వచ్చింది. మనవరాలి పెళ్లి. పూలజడ వెయ్యాలి. అత్త కావాలనే పెద్ద ధర చెప్పింది. ఎన్నడూ అంత అడగలేదు. ముసలమ్మ గుండె పట్టుకోవాలి, నడుంమీద చెయ్యి వెయ్యాలి, కుళాయి దగ్గర గొంతు బయటికి తియ్యాలి.

"అలగే" అంది ముసలమ్మ.

ఆవిడ వెళ్లాక అత్త నావైపు తిరిగింది. "బేరమాడలేదే!"

"ఆడలేదు."

"ఏటో ఉన్నాది."

పెళ్లిరోజు పొద్దున్న నేను కూడా వెళ్లాను. ముసలమ్మ పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది, అత్త చేతులమీంచి చూపు తిప్పలేదు. రాలిన ప్రతి వెంట్రుకనీ తన కొంగులో ముడేసుకుంటోంది. పిల్లకి జుట్టు పాయలు తీస్తుంటే అత్త చెయ్యి మెడవెనక ఒకచోట ఆగింది. నేను వంగి చూశాను. జాకెట్టు లోపలికి దోపిన నల్లతాడు, దానికి చిల్లంగి తగలకుండా కట్టిన రాగి తాయెత్తు. కొత్తది, ఇంకా మెరుస్తోంది. ఇలాంటివి కట్టేవాళ్లు మూరకింత అని లాగుతారు. ముసలమ్మ గీసి గీసి అక్కడే ఆడేసి వచ్చిందన్నమాట, ఆడవలసిన బేరమంతా.

అత్త నన్ను చూసి కనుబొమ్మ ఎగరేసింది. తాడు కనబడకుండా దానిమీదుగా సవరం బిగించి, మొదటి వరస చేమంతులు కుట్టడం మొదలుపెట్టింది.

"తల దించే గుంటా" అంది పెళ్లికూతురితో. "ఇంకా సానా ఉన్నాది."